స్పోర్ట్‌బైక్ వదిలి మొదటి క్రూయిజర్: ఏం మార్చాలి, ఏది ముందు?

క్లిప్‌ఆన్‌కుర్రాడు:
అందరికీ నమస్కారం. బండి నేర్చుకున్నప్పటి నుంచీ స్పోర్ట్‌బైక్‌లే నడిపాను. ఇప్పుడున్నది 600 సిసి ఇన్‌లైన్ ఫోర్. ట్రాక్ మీద దానికి వంక పెట్టలేను. కానీ ట్రాక్‌కి వెళ్లేది ఎప్పుడో ఒకసారి. మిగతా రోజులన్నీ ఫస్టు, సెకండు గేర్ల మధ్యే గడిచిపోతున్నాయి. ఇంజిన్‌కి ఊపు వచ్చేలోపే సిగ్నల్ వచ్చేస్తుంది. మణికట్లు, మెడ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

వాడిన హార్లీ-డేవిడ్‌సన్ స్పోర్ట్‌స్టర్ 1200 క్రూయిజర్ ఒకటి ఖాయం చేసుకున్నాను. 2014 తర్వాతి మోడల్, ఎయిర్‌కూల్డ్, మిడ్ కంట్రోల్స్ (ఫుట్‌పెగ్‌లు బండి మధ్యలో ఉండేవి), 12.5 లీటర్ల ట్యాంకు, వెనక పొట్టి షాక్‌లు. హ్యాండిల్ కొంచెం ఎత్తుది. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ఎవరూ చెయ్యి పెట్టలేదు.

నా మనసులో ఉన్నది బాబర్ లుక్, అంటే అనవసరమైనవి తీసేసి పొట్టిగా, కిందికి ఉండే బండి. డ్రాగ్ బార్ (తిన్నగా, ఎత్తు లేకుండా ఉండే హ్యాండిల్), పొట్టి సైలెన్సర్ పైపులు, సింగిల్ సీటు, వెనక మడ్‌గార్డ్ కోసెయ్యడం, 7.9 లీటర్ల పీనట్ ట్యాంకు, ఫార్వర్డ్ కంట్రోల్స్ (కాళ్లు ముందుకి చాపి పెట్టేవి), బండిని ఇంకాస్త కిందికి దించడం. చేతికి రాగానే మొదలుపెడదామని ఉంది. ఏది ముందు, ఏది తర్వాత? స్పోర్ట్‌బైక్ అలవాట్లలో ఇక్కడ పనికిరానివి ఏవి?

నిదానం:
శుభాకాంక్షలు తమ్ముడూ. లిస్టు సంగతి తర్వాత, ముందు నీ రెండో ప్రశ్న.

మొదట మార్చుకోవాల్సింది ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) అలవాటు. నీ 600 ఇచ్చే 60–65 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) పదివేలు దాటాకే వస్తుంది. ఈ 1200 సుమారు 95 న్యూటన్ మీటర్లు 3,500 దగ్గరే ఇచ్చేస్తుంది. 6,000 దగ్గర, అంతకన్నా తిరగనివ్వని లిమిటర్ అడ్డుపడుతుంది. స్పోర్ట్‌బైక్ నుంచి వచ్చినవాళ్లంతా మొదట్లో ఆ లిమిటర్‌ని గుద్దుకుంటూనే ఉంటారు. ఓవర్‌టేక్ చెయ్యాలంటే రెండు గేర్లు దించక్కర్లేదు, ఉన్న గేర్లోనే థ్రాటిల్ తిప్పితే చాలు. అలాగని 1,500 దగ్గర టాప్ గేర్లో పూర్తిగా తిప్పి లాగించకు. ఇంజిన్ దడదడలాడుతుంది, ఆ దెబ్బంతా బేరింగ్‌లు తింటాయి. 2,500 నుంచి 4,000 మధ్య ఉంచితే దానికీ హాయి, నీకూ హాయి.

రెండోది బ్రేకులు. స్పోర్ట్‌బైక్ మీద ముందు బ్రేకు గట్టిగా పడితే వెనక చక్రం మీద బరువే మిగలదు, అందుకే కుడికాలికి పెద్ద పనుండదు. క్రూయిజర్‌కి వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) పొడవు, బరువంతా కిందే. ముందుకు మళ్లే బరువు తక్కువ. అంటే వెనక బ్రేకు నిజంగానే బండిని ఆపుతుంది. ముందున్నది ఒక్క డిస్కు, మోసేది దాదాపు 250 కిలోల బండి. ఒక్క వేలితో బ్రేకు నొక్కే అలవాటుంటే అది పక్కన పెట్టి, రెండు బ్రేకులూ కలిపి ఆపడం ఖాళీ స్థలంలో సాధన చెయ్యి. రోడ్డు మీద అవసరం పడ్డ క్షణంలో కాలు దానంతట అది కదలదు.

ట్రాక్‌పురుగు:
నిదానం గారు మర్యాదగా చెప్పారు, నేను సూటిగా చెప్తా. మలుపుల్లో నీకు పెద్ద షాక్ తగులుతుంది బ్రో.

ఒకే మలుపు తీసుకో. నీ 600 మీద 48 డిగ్రీలు వంచి గంటకు 100 కిలోమీటర్లతో తీశావనుకో. 28 డిగ్రీల దగ్గర నేల తగిలే బండి మీద అదే మలుపులో 69 దాటి వెళ్లలేవు. మలుపులో వేగం లీన్ యాంగిల్ (బండి వంగే కోణం) టాంజెంట్‌కి వర్గమూలంతో పాటు పెరుగుతుంది. టాన్ 48 అంటే 1.11, టాన్ 28 అంటే 0.53. భాగించి వర్గమూలం తీసి చూసుకో.

దీన్లో ఉన్న చిక్కేంటంటే, స్పోర్ట్‌బైక్ మీద హద్దు టైరు దగ్గర వస్తుంది. టైరు కొద్దికొద్దిగా జారుతూ ముందే చెబుతుంది. క్రూయిజర్ మీద టైరుకి ఇంకా బోలెడు గ్రిప్ ఉండగానే ఫుట్‌పెగ్ నేలకి రాసుకుంటుంది. పెగ్ మడుచుకుంటుంది కాబట్టి అది హెచ్చరికే. దాని తర్వాత తగిలేవి మడవని ఇనుప ముక్కలు: స్టాండ్ బ్రాకెట్, సైలెన్సర్, ఫ్రేము. బండి బరువు వాటి మీదికి మళ్లిందంటే టైరు నేలని వదిలేస్తుంది.

నువ్వేమో ఇంకా కిందికి దించుతానంటున్నావు. ఎందుకు?

వీట్విన్‌వీరుడు:
కుర్రాడు ముచ్చటపడి బండి కొనుక్కుంటే ట్రిగనామెట్రీ క్లాసు పెట్టారేంటి గురూ!

తమ్ముడూ, ముందు పైపులు మార్చు. క్రూయిజర్ అంటేనే ఆ శబ్దం. 45 డిగ్రీల వీ-ట్విన్, రెండు కనెక్టింగ్ రాడ్‌లూ ఒకే క్రాంక్‌పిన్ మీద ఉంటాయి. అందుకే రెండు సిలిండర్లూ సమానమైన వ్యవధిలో పేలవు. ఒకదాని తర్వాత 315 డిగ్రీలకి, ఇంకొకదాని తర్వాత 405 డిగ్రీలకి. ఆ తడబడే దరువు అక్కడి నుంచే వస్తుంది. కంపెనీ సైలెన్సర్‌లో దాన్ని నొక్కేస్తారు. నీకు కావాల్సిన పొట్టి పైపులు రెండు గంటల పని, బోల్టులు విప్పి బిగించడమే.

గ్రీజుచేతులు:
బోల్టులు విప్పి బిగించడమే అయితే మాలాంటి వాళ్లం షెడ్డు మూసుకోవాలి.

కంపెనీ మ్యాప్ (ఎంత పెట్రోల్ కొట్టాలో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పే టేబుల్) కంపెనీ సైలెన్సర్‌కీ, కంపెనీ ఎయిర్ ఫిల్టర్‌కీ లెక్కగట్టింది. నెమ్మదిగా ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఆక్సిజన్ సెన్సార్ చూసి మిశ్రమాన్ని 14.6 (ఒక పాలు పెట్రోల్‌కి అన్ని పాళ్ల గాలి) చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది. గట్టిగా తిప్పితే సెన్సార్‌ని పక్కన పెట్టి టేబుల్లో ఉన్న అంకె ప్రకారమే పెట్రోల్ కొడుతుంది. గాలి ఎక్కువ వస్తోందని ఆ టేబుల్‌కి తెలీదు. మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, థ్రాటిల్ వదలగానే పైపులో టపటపా పేలుళ్లు. గాస్కెట్ దగ్గర గాలి లీకున్నా ఇలాగే పేలుతుంది, మ్యాప్ జోలికి వెళ్లేముందు అది చూసుకోవాలి.

స్లిప్-ఆన్ (సైలెన్సర్ ఒక్కటే మార్చడం), ఎయిర్ ఫిల్టర్, ట్యూన్ (మ్యాప్ సరిచెయ్యడం). మూడూ కలిపి ఒకే పని. ఒకటి చేసి రెండు వదిలేస్తే నడుస్తుంది, కానీ బాగా నడవదు.

ఇక పొట్టి తెరిచిన పైపులు. బ్యాఫిల్ (పైపు లోపలి అడ్డు) లేకపోతే తక్కువ ఆర్‌పీఎంలో పీడన తరంగం వెనక్కి తిరిగొచ్చి సిలిండర్ నింపుకోవడాన్ని చెడగొడుతుంది. 2,500–3,500 మధ్య టార్క్ పడిపోతుంది. ఆ టార్క్ కోసమే కదా ఈ బండి కొన్నది. శబ్దం పెరిగింది కాబట్టి బండి వేగం పెరిగిందనిపిస్తుంది. గడియారం పెట్టి చూస్తే తెలుస్తుంది. పైపుకి గుడ్డ చుట్టడం కూడా చాలామందికి సరదా. అది తడిని పట్టి ఉంచి లోపల తుప్పు పట్టిస్తుంది, బయటికి కనపడదు.

వీట్విన్‌వీరుడు:
ఒప్పుకుంటా గ్రీజన్నా, ట్యూన్ చేయించాల్సిందే. కానీ బ్యాఫిల్ ఉన్న టూ-ఇన్‌టు-వన్ (రెండు పైపులు కలిసి ఒకటయ్యేది) వేస్తే టార్క్ పోదు, శబ్దమూ ఉంటుంది. దానికేమంటావు?

గ్రీజుచేతులు:
దానికి ఏమీ అనను. మంచిది. నీ మొదటి పోస్టులో అది లేదు.

పొడవురోడ్డు:
నేను క్రూయిజర్ల మీదే దూరాలు తిరుగుతాను, అందుకని కూర్చునే తీరు గురించి చెప్తాను. మీ లిస్టులో డ్రాగ్ బార్, ఫార్వర్డ్ కంట్రోల్స్ రెండూ పక్కపక్కన ఉన్నాయి. మణికట్లు నొప్పని స్పోర్ట్‌బైక్ వదులుతున్నారు, డ్రాగ్ బార్ వేసి మళ్లీ ముందుకే వంగుతానంటున్నారు! పైగా కాళ్లు ముందుకి చాపితే ఒళ్లు మధ్యలోకి ముడుచుకుపోతుంది. చేతులూ ముందే, కాళ్లూ ముందే, బరువంతా తోక ఎముక మీద.

మిడ్ కంట్రోల్స్‌కి ఉన్న పెద్ద సుఖం గుంత వచ్చినప్పుడు తెలుస్తుంది. కాళ్ల మీద బరువు వేసి సీటు నుంచి వేలెడంత లేస్తే దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. కాళ్లు ముందుకి ఉంటే లేవడం కుదరదు. వెనక షాక్ ఎంత ఇస్తే అంతే, మిగిలింది నడుముకే. మీ బండికి వెనక సస్పెన్షన్ ప్రయాణం దాదాపు 41 మిల్లీమీటర్లు. మీరు కూర్చోగానే అందులో మూడో వంతు పోతుంది. మిగిలినదానితో ఏ గుంత దాటగలరో ఊహించుకోండి. పొడుగు కాళ్లవాళ్లకి మిడ్స్ మోకాళ్లు నొప్పి పెడతాయి, అది నిజమే. అలాంటివాళ్లు ముందు ఎత్తు సీటు వేసి చూడాలి.

పీనట్ ట్యాంకు అందంగా ఉంటుంది, కాదనను. 7.9 లీటర్లు, లీటరుకి 19 కిలోమీటర్లు అనుకుంటే 150. బంకు ఎక్కడుందో చూసుకుంటూ నడపాలి, గుంపులో వెళ్తే మీకోసం అందరూ ఆగాలి. ఇప్పుడున్న 12.5 లీటర్లతో 230 దాకా వెళ్తారు. అదే కుటుంబంలో 17 లీటర్ల ట్యాంకు కూడా ఉంది. బాబర్ మీద బాగోదని మీరే అంటారు.

ఇంకోటి, మీ రైడింగ్ జాకెట్. స్పోర్ట్ కట్ జాకెట్ వంగి కూర్చున్నవాళ్లకి కుట్టింది. నిటారుగా కూర్చుంటే కాలర్ గొంతుకి ఒత్తుకుంటుంది, మోచేతుల దగ్గర పట్టేస్తుంది, వీపు మీద గుబ్బ గాలిని పట్టి మెడని వెనక్కి లాగుతుంది. కొత్త పైపులకన్నా ముందు ఒక మామూలు జాకెట్ చూసుకోండి.

రెబెల్‌రాణి:
కిందికి దించడం గురించి పొట్టివాళ్ల తరఫున ఒక మాట. నాది హోండా రెబెల్ 500, సీటు ఎత్తు 690 మిల్లీమీటర్లు, అందుకే కొన్నాను. కాళ్లు నేలకి ఆనడం నాకు అవసరం, ఫ్యాషన్ కాదు. అయినా షాక్ పొట్టిది వెయ్యడం చివరి దారి అనే చెప్తాను. సీటు వెడల్పు తగ్గించి, ముందు భాగంలో ఫోమ్ కాస్త తీయిస్తే తొడలు దగ్గరికొచ్చి కాళ్లు సూటిగా కిందికి దిగుతాయి. సీటు ఎత్తు టేపుతో కొలిస్తే పెద్ద తేడా ఉండదు, కాలికి మాత్రం తెలుస్తుంది. బూటు అడుగు మందం కూడా లెక్కే. క్లిప్‌ఆన్ గారూ, మీ 600 మీద మీరు మునివేళ్ల మీదే నిలబడి ఉంటారు కదా. మీకు దించాల్సిన అవసరం ఏముంది?

క్లిప్‌ఆన్‌కుర్రాడు:
అక్కా, నిజంగా అవసరం లేదు. ఫొటోల్లో బాగుంటుందని.

బండి వచ్చింది. ఏమీ మార్చకుండా నడుపుతున్నాను. నిదానం అన్న చెప్పినట్టు లిమిటర్ బాగానే పరిచయమైంది. టార్క్ మాత్రం మజా. మూడో గేర్లో పెట్టి మర్చిపోవచ్చు. రౌండ్అబౌట్‌లో ఎడమ పెగ్ గర్రున రాసుకుంది, అరికాలు కంపించి ఒళ్లు ఝల్లుమంది. అక్కడ నేను పెద్ద వేగంలో కూడా లేను. ట్రాక్‌పురుగు అన్న లెక్క ఇప్పుడు బాగా అర్థమైంది.

ఒక ఇబ్బంది. నెమ్మదిగా యూ-టర్న్ తిప్పుతుంటే ముందు చక్రం దానంతట అదే లోపలికి పడబోతోంది. 600 మీద ఇలా ఎప్పుడూ లేదు. ఫోర్క్ బేరింగ్ లూజా?

నిదానం:
బేరింగ్ ఒకసారి చూపించు, కానీ చాలావరకు అది జామెట్రీ. నీ 600 ఫోర్క్ నిటారుగా ఉంటుంది, రేక్ (ఫోర్క్ వాలు) 24 డిగ్రీలు. దీనిది 30 చుట్టుపక్కల. ఫోర్క్ వాలు పెరిగేకొద్దీ హ్యాండిల్ తిప్పినప్పుడు ముందు భాగం కిందికి దిగుతుంది, బరువు దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. హైవే మీద బండి గీత గీసినట్టు తిన్నగా వెళ్తోందంటే అదే రేక్ పుణ్యం.

యూ-టర్న్ చేతులతో కాదు, క్లచ్‌తో తీయాలి. క్లచ్ సగం పట్టు దగ్గర ఉంచు, ఇంజిన్ కొంచెం పైన తిరుగుతూ ఉండనీ, కుడికాలితో వెనక బ్రేకు లేతగా నొక్కి పట్టుకో. ఆ లాగుడు, ఆ పట్టు రెండూ కలిసి బండిని నిలబెడతాయి. ముందు బ్రేకు జోలికి అస్సలు పోకు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే 250 కిలోలు నీ కాలి మీదికి వస్తాయి. తల పూర్తిగా తిప్పి ఎక్కడికి వెళ్లాలో అటు చూడు. చక్రం ముందున్న నేలని చూస్తే అక్కడికే వెళ్తావు.

వేగంలో మాత్రం నీ పాత విద్య పనికొస్తుంది. కౌంటర్‌స్టీరింగ్ (తిరగాల్సిన వైపు హ్యాండిల్‌ని ముందుకి తోయడం) ఇక్కడా అదే, వెడల్పు హ్యాండిల్ కాబట్టి ఇంకా సులువు. పై ఒళ్లు మలుపు లోపలికి వంచితే అదే వేగానికి బండి తక్కువ వంగుతుంది, పెగ్‌కి కాస్త చోటు మిగులుతుంది. మోకాలు దించక్కర్లేదు, చూసేవాళ్లు నవ్వుతారు.

ట్రాక్‌పురుగు:
వెనక పొడుగు షాక్‌లు వెయ్యి బ్రో. 11 అంగుళాల చుట్టుపక్కల ఉన్నవి తీసి 13 పైన ఉన్నవి వేస్తే లీన్ యాంగిల్ 32 దగ్గరికి వచ్చిందనుకో, ఆ 69 కాస్తా 75 అవుతుంది. స్పోర్ట్‌బైక్ కాదు, కానీ రౌండ్అబౌట్‌లో నిప్పులు రాల్చక్కర్లేదు. ప్రయాణం పెరుగుతుంది కాబట్టి పొడవురోడ్డు గారు చెప్పిన నడుము సమస్యా సగం తీరుతుంది. వెనక లేచింది కాబట్టి రేక్ కాస్త తగ్గి ముందు చురుగ్గా తిరుగుతుంది. ఒక్క మార్పుకి మూడు లాభాలు.

గ్రీజుచేతులు:
మూడు లాభాలకి రెండు పనులు కూడా రాసుకోండి.

షాక్ పొడవు మారితే స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) కోణం మారుతుంది, బెల్టు బిగువు మారుతుంది. గేజ్‌తో 4.5 కిలోల బలం నొక్కి ఎంత కుంగుతోందో సర్వీస్ మాన్యువల్ అంకెతో సరిచూడాలి. బిగుతుగా వదిలేస్తే గేర్‌బాక్స్ బేరింగ్ పోతుంది. రెండోది సైడ్ స్టాండ్. బండి ఎత్తు పెరిగింది, స్టాండ్ పొడవు పెరగలేదు. ఎడమకి మరీ వాలి నిలబడుతుంది. ఏటవాలు నేల మీద పెట్టేముందు చూసుకోండి, అవసరమైతే పొడుగు స్టాండ్ వేయించండి.

ముందు ఫోర్క్‌ని మర్చిపోతారు. వెనక మంచి షాక్ వేసి ముందు మెత్తటి కంపెనీ స్ప్రింగ్ ఉంచితే బ్రేకు పడగానే ముక్కు దించుతుంది. మీ బరువుకి సరిపోయే స్ప్రింగ్‌లు, కొత్త ఫోర్క్ ఆయిల్. సాగ్ (మీరు కూర్చోగానే సస్పెన్షన్ కుంగేది) మొత్తం ప్రయాణంలో మూడో వంతు దాటకూడదు, ఒక మనిషి సాయం, ఒక టేపు ఉంటే కొలుచుకోవచ్చు. బ్రేకుకి స్టీల్ అల్లిక హోసు, సింటర్డ్ ప్యాడ్‌లు. ఒక్క డిస్కుతోనే తేడా వేలికి తెలుస్తుంది.

వీట్విన్‌వీరుడు:
మొత్తానికి కుర్రాడి బాబర్‌ని స్పోర్ట్‌బైక్ చేసేస్తున్నారు. ఇంత సస్పెన్షన్ గోల ఉంటే పాత 600నే ఉంచుకోవచ్చు కదా? బాబర్ అంటే కింద ఉండాలి, పొట్టిగా ఉండాలి. నాది దించిన బండే, పెగ్ తగిలితే తగలనీ, నెమ్మదిగా తిప్పుతా. అందరూ కొండదారుల్లో రేసులు ఆడరు.

పొడవురోడ్డు:
నెమ్మదిగా తిప్పుతానంటే ఎవరికీ అభ్యంతరం లేదు వీరుడు గారూ. కానీ మలుపు మధ్యలో అడ్డంగా కుక్క వస్తే ఇంకాస్త వంచాల్సిన అవసరం పడుతుంది. అప్పుడు వంచడానికి బండిలో ఏమీ మిగిలి ఉండదు. దించిన బండి కొన్నవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు, అదీ నా బాధ.

సైలెంట్‌రీడర్:
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. హ్యాండిల్ నేనే మార్చుకోవచ్చా? నా పాత 600 మీద ఉన్న మంచి గ్రిప్‌లు, బార్-ఎండ్ అద్దాలు దీనికి పెట్టుకోవచ్చా? నాదీ ఇలాంటి బండే.

గ్రీజుచేతులు:
గ్రిప్‌లు పట్టవు. ఈ బండి హ్యాండిల్ అంగుళం మందం, 25.4 మిల్లీమీటర్లు. మీ పాత బండిది 22. అద్దాలు లోపలి వ్యాసం చూసుకుని అడాప్టర్‌తో పెట్టుకోవచ్చు.

హ్యాండిల్ మీరే మార్చుకోవచ్చు, ఓపిక ఉండాలి. బ్యాటరీ నెగెటివ్ తీసెయ్యండి. ట్యాంకు మీద మందపాటి దుప్పటి పరవండి, చాలా ట్యాంకులకి మొదటి సొట్ట ఈ పనిలోనే పడుతుంది. ఎత్తు హ్యాండిల్ తీసి డ్రాగ్ బార్ వేస్తే కేబుళ్లు మిగిలిపోతాయి. మిగిలిన క్లచ్ కేబుల్ వంపు తిరిగి ఫోర్క్‌కీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కోకూడదు. ఎత్తుది వేస్తే ఉన్నవి చాలవు, క్లచ్ కేబుల్, థ్రాటిల్ కేబుళ్లు రెండూ, బ్రేకు హోసు, స్విచ్ వైర్లు అన్నీ పొడుగువి కావాలి. బ్రేకు హోసు విప్పితే గాలి తీసెయ్యడం కూడా పనిలో భాగమే.

అన్నీ బిగించాక ఒక పరీక్ష. గేర్ న్యూట్రల్, ఇంజిన్ ఆన్, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా ఐడిల్ పెరిగిందంటే థ్రాటిల్ కేబుల్ అక్కడ లాగుతోంది. అలా వదిలేసి రోడ్డెక్కితే యూ-టర్న్ మధ్యలో బండి తనంతట తానే ముందుకి దూకుతుంది. ఆ తర్వాత క్లాంప్ బోల్టులు టార్క్ రెంచ్‌తో, నీలం థ్రెడ్‌లాకర్‌తో బిగించండి. 2004 నుంచి స్పోర్ట్‌స్టర్ ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఉంది, వణుకు తగ్గింది. తగ్గిందన్నాను, పోయిందనలేదు.

సైలెంట్‌రీడర్:
చాలా థాంక్స్ అండీ. దుప్పటి సంగతి నోట్ చేసుకున్నా.

క్లిప్‌ఆన్‌కుర్రాడు:
గ్రీజన్నా, సర్వీసు సంగతులు కూడా చెప్పవా? 600కి అయితే ఒకటే ఆయిల్, చైన్‌కి లూబ్, వాల్వ్ క్లియరెన్స్ చెకింగ్ అంటే బండి సగం విప్పడం.

గ్రీజుచేతులు:
ఇక్కడ ఇంజిన్ ఆయిల్ వేరు, ప్రైమరీకీ (ఇంజిన్ నుంచి క్లచ్‌కి శక్తి చేర్చే భాగం) గేర్‌బాక్స్‌కీ కలిపి ఇంకొకటి. రెండూ విడివిడిగా మార్చాలి. రెండోది చాలామంది మర్చిపోతారు, గేర్లు గట్టిబడ్డాక గుర్తొస్తుంది. హైడ్రాలిక్ లిఫ్టర్లు (వాల్వ్ ఖాళీని తామే సరిచేసుకునేవి) కాబట్టి వాల్వ్ క్లియరెన్స్ పని లేదు. బెల్టుకి లూబ్ లేదు, పళ్ల మధ్య రాయి ఇరుక్కుందా, అంచు చీలిందా అని చూడటమే.

ఎయిర్‌కూల్డ్ కాబట్టి ట్రాఫిక్‌లో వెనక సిలిండర్ కుడి తొడని కాల్చుతుంది. ఫ్యాన్ లేదు, గాలే దిక్కు. ఎక్కువసేపు ఆగాల్సొస్తే ఆపెయ్యి. ఇండికేటర్లు ఎల్‌ఈడీవి వేస్తే కరెంటు తక్కువ లాగుతాయి, బల్బు పోయిందనుకుని కంప్యూటర్ వేగంగా మినుకుమనిపిస్తుంది. ఆ మోడల్‌కి తగ్గ లోడ్ ఈక్వలైజర్ పెట్టు. వైరు కోసి అతికించకు, ప్లగ్‌కి ప్లగ్ దొరుకుతుంది.

నిదానం:
మడ్‌గార్డ్ మాట ఎవరూ ఎత్తలేదు. తమ్ముడూ, ఉన్నది కోయకు. వాడిన మడ్‌గార్డ్ ఇంకొకటి సంపాదించి దాన్ని కోసుకో. కోసినదాన్ని మళ్లీ అతికించలేం, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అసలు భాగాలున్నాయా అనే. సైలెన్సర్, సీటు, హ్యాండిల్ అన్నీ గుడ్డలో చుట్టి దాచు.

కోసేముందు ఇంకో సంగతి. మడ్‌గార్డ్‌ని రెండు పక్కల నుంచీ పట్టుకునే స్ట్రట్‌లు ఎక్కడిదాకా ఉన్నాయో చూడు, టెయిల్ ల్యాంప్ వైర్లు ఏ దారిన వస్తున్నాయో చూడు. షాక్ పూర్తిగా లోపలికి దిగినప్పుడు టైరు ఎక్కడిదాకా వస్తుందో కొలవాలి. ఒక పక్క షాక్ విప్పి చక్రాన్ని పైకి ఎత్తి చూస్తే సరిగ్గా తెలియదు, రెండూ విప్పాలి. సింగిల్ సీటు స్ప్రింగుల మీద పెడితే అది కూడా కిందికి దిగుతుందని గుర్తుంచుకో. రెండూ ఒకేసారి దిగితే మధ్యలో నలిగేది నువ్వే.

ట్రాక్‌పురుగు:
వెనక వెడల్పు టైరు ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. చూడటానికి బలంగా ఉంటుంది, కానీ అదే వేగానికి బండిని ఇంకాస్త ఎక్కువ వంచాలి. మనకి లేనిదే లీన్ యాంగిల్. పైగా బెల్టుకి తగులుతుంది.

క్లిప్‌ఆన్‌కుర్రాడు:
సరే, లిస్టు తిరగరాశాను. ముందు వెనక షాక్‌లు పొడుగువి, ముందు ఫోర్క్ స్ప్రింగ్‌లు, బ్రేకు హోసు, ప్యాడ్‌లు. ఆ తర్వాత టూ-ఇన్‌టు-వన్, ఎయిర్ ఫిల్టర్, ట్యూన్ ఒకేసారి (వీరుడన్నా, శబ్దం మీద రాజీ లేదు). డ్రాగ్ బార్ బదులు నా వైపు కొంచెం వెనక్కి వంగిన మధ్యస్తం బార్. మిడ్ కంట్రోల్స్ అలాగే. ట్యాంకు అలాగే, రంగు మాత్రం మారుస్తాను, నిగనిగ లేని నలుపు. మడ్‌గార్డ్ వాడినది దొరికాక. కిందికి దించడం రద్దు.

ఒక్కటే మిగిలింది. ఇప్పుడున్నవి అల్లాయ్ చక్రాలు. వాటి బదులు స్పోక్ చక్రాలు వెయ్యాలని బాగా ఉంది. బాబర్‌కి అవి లేకపోతే ఏదో వెలితి.

వీట్విన్‌వీరుడు:
వెయ్యి తమ్ముడూ! ఆ ఒక్కటైనా నా మాట విను.

పొడవురోడ్డు:
మామూలు స్పోక్ చక్రంలో ట్యూబ్ ఉంటుంది. మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోవచ్చు, ట్యూబ్‌లెస్‌కి పెట్టినట్టు రోడ్డు పక్కన ప్లగ్ పెట్టి వెళ్లిపోవడం కుదరదు. వెనక చక్రం విప్పాలంటే బెల్టు, బ్రేకు అన్నీ కదపాలి, ఒంటరిగా ఉంటే ఇంకా కష్టం. స్పోక్ రంధ్రాలు రిమ్ అంచున ఉండే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు కూడా ఉన్నాయి, ఖర్చు ఎక్కువ. మీ తిరుగుడంతా ఊళ్లోనేనా, దూరాలు కూడానా?

క్లిప్‌ఆన్‌కుర్రాడు:
దూరాలు కూడా అక్కా, అందుకే కదా మారింది.

పొడవురోడ్డు:
అయితే ట్యూబ్‌లెస్ స్పోక్‌ల కోసం ఆగండి, లేదా ముందుది ఒక్కటే స్పోక్ వేసి వెనక అల్లాయ్ ఉంచండి. ముందు చక్రం విప్పడం తేలిక. ఆర్డర్ పెట్టేముందు యాక్సిల్ మందం, ఏబీఎస్ ఉంటే దాని సెన్సార్ చదివే బేరింగ్ మీ మోడల్‌దేనా అని గ్రీజుచేతులు గారిని ఒకసారి అడగండి.

గ్రీజుచేతులు:
మోడల్ సంవత్సరం, ఏబీఎస్ ఉందో లేదో రాయి. డిస్కు ఫొటో కూడా పెట్టు.